ఎనిమిదికి సున్నా

మనిషి సొంతకాళ్ల మీద ఎంత నిలబడ్డాడు, పక్కవాళ్లకు ఎంత అతుక్కుపోయాడు అని తూచడానికి మనస్తత్వ శాస్త్రం దగ్గర తక్కెడలున్నాయి. మానసిక వైద్యుడు ఆరన్ బెక్ బృందం 1983లోనే ఈ రెంటికీ కలిపి 60 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం 'డిపెండెంట్' వ్యక్తిత్వ రుగ్మతకు 8 లక్షణాలు, అందులో 5 ఉంటే చాలు. మొట్టమొదటిది: రోజువారీ నిర్ణయాలకు కూడా ఇతరుల సలహా, భరోసా అతిగా కావాల్సి రావడం. పోనీ ఎవరినీ అడక్కుండా, ఎవరితోనూ కలవకుండా బతుకుదామా అంటే 'స్కిజాయిడ్' అనే ఇంకో రుగ్మత కాచుకుని ఉంది. దానికి 7లో 4 చాలు.

వయసు, సంస్కృతి చూసుకుని మరీ తేల్చమని ఆ పుస్తకమే చెబుతుంది. నేను చూసుకోలేదు. పర్లాకిమిడిలో అల్లుడు మంచి మూడ్‌లో దొరకడమే అరుదు, దొరికినప్పుడే కొలిచేయాలి.

ఎనిమిది లక్షణాలూ కాగితం మీద రాసి అరుగు మీద అతని చేతికిచ్చాను. పక్కన అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మొదటి ప్రశ్న చదివి, పెన్ను పైకెత్తి, "ఏటి రాయమంటావే?" అని పెళ్లాన్ని అడిగాడు. ఆమె వాళ్లమ్మ వైపు చూసింది. వాళ్లమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, పాతపట్నంలో ఉన్న తమ్ముడికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

పాతపట్నం అంటే మహేంద్రతనయ నది దాటితే వచ్చేదే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, అది అటు ఆంధ్రా వైపే ఉండిపోయింది. రాష్ట్రాలు విడిపోయాయి గానీ, మా ఇళ్లలో ఫ్రిజ్ రంగు నేటికీ అటునుంచే ఖరారవుతుంది. అడక్కుండా కొన్నవాడికి ఇక్కడ ఉన్న పేరు ఒక్కటే, పొగరుబోతు. ఏ తక్కెడలోనూ ఆ గడి లేదు.

"ఏటడిగినార్రా అందులో?" అన్నాడు మావయ్య. చదివి వినిపించారు. "నేదని రాసీ. ఔనంటే రేపు తమ్ముడికి సంబంధాలొస్తాయేటి?" అన్నాడు. అత్తగారు తలూపింది. అల్లుడు 'లేదు' అని రాశాడు. మిగతా ఏడింటికీ అదే పద్ధతి. ఆరో ప్రశ్న దగ్గర మాత్రం కాసేపు గొడవైంది, చివరికి మెజారిటీతో తేలింది.

ఎనిమిదికి సున్నా. ఇంత స్వతంత్రుడు గజపతి జిల్లాలో ఇంకొకడు ఉండడు. కింద సంతకం పెట్టమన్నాను. తెలుగులోనా, ఒడియాలోనా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పాతపట్నానికి మళ్లీ రింగవుతోంది.