నాయకత్వం, చదరపు అడుగుల్లో

నాయకత్వం అంటే ఏమిటో తేల్చేద్దామని అమెరికాలో జోసెఫ్ రాస్ట్ అనే ప్రొఫెసర్ గారు 1900 నుంచి 1990 వరకు ఆ విషయం మీద వచ్చిన 587 పుస్తకాలూ వ్యాసాలూ ముందేసుకుని కూర్చున్నారు. 1991లో లెక్క బయటపెట్టారు. 221 నిర్వచనాలు దొరికాయట. మిగతా 366 రచనల్లో నిర్వచనమన్నదే లేదట. అంటే ఏం మాట్లాడుతున్నారో చెప్పకుండానే పేజీలకు పేజీలు మాట్లాడేశారన్నమాట. నన్నడిగితే నాయకత్వ లక్షణాలు పుష్కలంగా ఉన్నది అవి రాసినవాళ్లలోనే.

పాపం, ఆయన ఆ తర్వాతైనా ఓసారి బెజవాడ వచ్చి, గవర్నర్‌పేటలో ఏదో ఒక ఫ్లెక్సీల షాపులో ఓ సాయంత్రం కూర్చుని ఉంటే 222వది చేతిలో పెట్టి పంపేవాళ్లం. అడుగుల్లో కొలిచి, బిల్లు కొట్టి ఇవ్వగలిగిన నిర్వచనం ప్రపంచంలో అదొక్కటే.

సిద్ధాంతం ఇదీ. పైన తనకన్నా పెద్ద ఫోటో, కింద తనకన్నా చిన్న ఫోటోలు ఉన్నవాడు నాయకుడు. పైన ఎవరూ లేకపోతే ఇండిపెండెంట్, డిపాజిట్ గల్లంతు. పైనా కిందా ఎవరూ లేకుండా ఒక్కడే ఉంటే అది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. జనం వెంట నడుస్తున్నారా లేదా అన్న ప్రశ్న ఇందులో రానే రాదు. మన దగ్గర నాయకుడికి కావలసింది వెనక వచ్చే జనం కాదు, ముందు నడిచే ఇంకో నాయకుడు. ఆయన భుజానికి ఎంత దగ్గరగా నడవగలిగితే ఇతను అంత పెద్దవాడు. ఆ ముందున్నాయన ఎవరి వెనక నడుస్తున్నాడో అడక్కండి. ఆయనకీ పైన ఒక గుండ్రం ఫోటో ఉంది.

షాపులో జరిగే చర్చ వింటే విషయం ఇంకా బాగా బోధపడుతుంది. కంప్యూటర్ ముందు ఇరవై ఏళ్ల కుర్రాడు. వెనక ఇస్త్రీ నలగని తెల్లచొక్కా.

"ఎమ్మెల్యే గారిది ఇంకొంచెం పెంచు తమ్ముడూ."

"పెంచితే మీది తగ్గిద్దన్నా."

"నాది తగ్గకూడదు. కిందవాళ్లని తగ్గించు."

"కిందవాళ్లు తలా కొంత ఇచ్చారన్నారుగా?"

"ఇచ్చారు కాబట్టే ఉంచుతున్నాం. లేకపోతే తీసెయ్యమనేవాణ్ని."

మేనేజ్‌మెంట్ కాలేజీలో రెండేళ్లు చెప్పే పాఠం ఇది. ఇక్కడ మౌస్ రెండుసార్లు కదిలితే అయిపోయింది. తర్వాత ఆ కుర్రాడు తెల్లచొక్కా మొహం మీద మచ్చలు తుడిచాడు, గడ్డం కింద కొవ్వు చెక్కాడు, "రంగు ఒక పాయింట్ పెంచమంటారా అన్నా" అని తనే అడిగాడు. ఒక నాయకుడు తయారవడం కళ్లారా చూడాలంటే ఇంతకు మించిన చోటు లేదు. చివర్లో బిరుదు. యువకెరటం, పేదల పెన్నిధి, బడుగుల ఆశాజ్యోతి అన్నీ పాత ఫైళ్లలో రెడీగా ఉంటాయి. ఏది కావాలో చూపుడువేలితో చూపిస్తే చాలు. పేదలకు ఆ సంగతి తెలియాల్సిన పని లేదు.

పోజుల్లోనూ శాస్త్రం ఉంది. రెండు చేతులు జోడిస్తే ఎన్నికలు దగ్గరపడ్డాయని. ఒక చెయ్యి పైకెత్తితే పదవి వచ్చిందని. సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దూరంగా చూస్తుంటే పదవి ఇంకా రాలేదు, పైనుంచి ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారని.

2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. రాత్రికి రాత్రే రాష్ట్రంలో నాయకత్వం లేకుండా పోతుందేమోనని. గుడ్డ మీద వేసుకోండి అన్నారు కాబట్టి సరిపోయింది. ఆ గుడ్డ ఎక్కడ ఎగురుతోందో నాకు ఇంతవరకూ కనపడలేదు. బెంజ్ సర్కిల్లో మాత్రం నాయకులు ఎప్పటిలాగే ప్లాస్టిక్ మెరుపుతో నవ్వుతున్నారు.

అయినా ఫ్లెక్సీని ఊరికే తీసిపారేయకూడదు. దించాక చూడండి దాని సేవ. గుంటూరులో ఒక ఇడ్లీ బండికి పైకప్పు అదే. ఎండలో గిన్నెలు కడిగే మనిషికి నీడ పడుతోంది. యువకెరటం తలకిందులుగా ఉన్నా నవ్వు చెదరలేదు. పుట్టినరోజు నాడు కట్టిన ఫ్లెక్సీ రోడ్డుకి ఏం చేసిందో చెప్పలేను గానీ, వానాకాలంలో మిర్చి టిక్కీల మీద కప్పితే బొట్టు దిగదని రైతులే చెబుతారు. ప్రజలకు అందుబాటులో ఉండే నాయకుడంటే ఆయనే.

ఈ జబ్బు, అంటే ఈ ప్రతిభ, మనకు ఎక్కడ మొదలవుతుందని ఆలోచిస్తే నాకు బడే గుర్తొస్తుంది. మాస్టారు స్టాఫ్ రూముకి వెళ్తూ క్లాస్ లీడర్‌కి సుద్దముక్క ఇచ్చి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయమంటారు. లీడర్ రాస్తాడు. తన పక్కన కూర్చునేవాడి పేరు రాయడు. కొబ్బరి ఉండ పెట్టినవాడి పేరు రాసి, చెరిపేస్తాడు. ఎక్కువ మాట్లాడినవాడి పేరు పక్కన ఇంటూ టూ, ఇంటూ త్రీ అని పెడతాడు. మన పిల్లలకు నాయకత్వం గురించి అందే మొదటి పాఠం అదే. పెద్దయ్యాక బోర్డు అదే, పేరు మాత్రం సొంతది.

అమెరికాలో ఇదే సంగతిని 1939లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన శిష్యులు కాస్త ఖర్చు పెట్టి కనిపెట్టారు. పదేళ్ల పిల్లల్ని గుంపులు చేసి ఒక గుంపుకి నియంతలాంటి పెద్దను, ఇంకోదానికి అందరినీ అడిగి చేసే పెద్దను, మరోదానికి ఏమీ పట్టించుకోని పెద్దను పెట్టారు. నియంత గదిలోంచి బయటికెళ్లగానే ఆ గుంపులో పని పడకేసిందట. అడిగి చేసేవాడి గుంపు మాత్రం ఆయన లేకపోయినా పని చేసుకుంటూ పోయింది. చూశారా, అంటే ఆ రెండో ఆయన అవసరమే లేదన్నమాట! లేకపోయినా పని ఆగని మనిషిని మనం నాయకుడని ఎలా ఒప్పుకుంటాం? మన ఆఫీసుల్లో సార్ క్యాంపుకి వెళ్తే ఫైలు కదలదు. అదీ నాయకత్వం.

గజమాల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. మనిషి మెడలో వేసే దండతో ఒకప్పుడు సరిపెట్టుకున్నాం. ఇప్పుడు దండ మోయడానికి క్రేన్ వస్తోంది. ఆటోనగర్ ఉన్న ఊరు కాబట్టి క్రేన్లకు కొదవ లేదు. వ్యాన్ మీద నాయకుడు చేతులు జోడించి నిలబడతాడు, పైనుంచి దండ దిగుతుంది, అయిదు నిమిషాలు ఆయన కనిపించడు. కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వాళ్లకు ఆ అయిదు నిమిషాలూ ఎంతో ప్రశాంతంగా ఉంటుంది.

ఇక చరిత్రలోకి వెళ్దాం. అక్కడ మన కొలమానం కాస్త ఇబ్బంది పెడుతుంది. అప్పటి గుంటూరు జిల్లాలో చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచారు. జనం "కట్టం" అన్నారు. 1921లో గాంధీగారు బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగించుకుని ఆ ఊరొచ్చి, పన్ను కట్టకుండా నిలబడటమో, ఊరే ఖాళీ చేయడమో అని రెండు దారులు చూపారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది పట్టుకున్నారు. వేలమంది ఇళ్లకు తాళాలేసి ఊరవతల పాకల్లోకి మారిపోయారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకుని ఎండకీ వానకీ ఓర్చి దాదాపు పదకొండు నెలలున్నారు. ఈలోపు ఆయన్ని పట్టుకెళ్లి ఏడాది జైల్లో పెట్టారు. చివరికి జనం తిరిగొచ్చారు, మున్సిపాలిటీ మిగిలింది.

మన నిర్వచనం ప్రకారం మార్కులు వేద్దాం. ఫోటో సైజు, సున్నా. క్రేన్, సున్నా. ఫలితం, ఓటమి. ఆ పైన జైలు. దీనికి మాత్రం ఇవాళ మార్కులు బాగానే పడతాయి, బెయిల్ మీద వచ్చినప్పుడు ఊరేగింపు ఉంటుంది కాబట్టి. మరి ఆ జనం ఎందుకెళ్లినట్టు? ఇదొక్కటే నా లెక్కకు అందడం లేదు. ఇవాళ ఏ డివిజన్‌లోనైనా "అమ్మా, ఇళ్లు వదిలి నా వెంట రండి" అని అడిగి చూడండి. "బస్సు ఎన్నింటికి దింపిద్ది బాబూ?" అంటారు. ఆ తర్వాత బిర్యానీ సంగతి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా ఇలాంటి కేసులు కొన్ని తగిలాయి. లారీ ట్యూబులో ముసలమ్మను కూర్చోబెట్టి నీళ్లలో తోసుకెళ్తున్న కుర్రాళ్లను ఏ కేటగిరీలో వేయాలి? హోదా లేదు, బిరుదు లేదు. రెండు చేతులూ ట్యూబు మీదే ఉన్నాయి కాబట్టి నమస్కారం పోజుకి వీల్లేదు. వీళ్లను నిర్వచనం పరిధిలోంచి తప్పించాను. ఏ సిద్ధాంతానికైనా కొన్ని మినహాయింపులు ఉంటాయి.

మరో మినహాయింపు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్. ఈ ఒక్క పదవికి రాష్ట్రంలో ఎక్కడా పోటీ లేదు. కారణం స్పష్టం. ఫ్లెక్సీ ఉండదు, పైన ఫోటో ఉండదు, లిఫ్ట్ ఆగితే ఫోన్ మాత్రం ఉంటుంది. పటమటలో మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు రిటైర్డ్ మాస్టారు పోయిన ఎన్నికకు కూతురింటికి గుంటూరు వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఏకగ్రీవంగా ఎన్నికై ఉన్నారు. మోటారు తాళం ఇచ్చి, వాచ్‌మన్ జీతం లెక్క ఇచ్చి, మూడు వందల రెండు వాళ్ల బకాయిల సంగతి చెప్పి, చప్పట్లు కొట్టాం. పాపం ఆయన ఏడాది పొడుగునా ట్యాంకు కడిగించారు, డ్రైనేజీ తీయించారు, అందరితో తిట్లు తిన్నారు. ఆయన ఉన్నా లేకపోయినా మోటారు టైముకి ఆన్ అయ్యేలా వాచ్‌మన్‌కి అలవాటు కూడా చేశారు. అందుకే ఆయన్ని ఎవరూ నాయకుడని అనలేదు.

ఆయన పదవీకాలం అయిపోవచ్చింది. ఈ ఆదివారం పొద్దున పదింటికి కొత్త ప్రెసిడెంట్ ఎన్నిక. ఆ రోజు నాకు తెనాలిలో దగ్గరి బంధువుల పెళ్లి ఉంది. పెళ్లికి మా ఆవిడ వెళ్తుంది. నేను మాత్రం తొమ్మిదిన్నరకే వెళ్లి ముందు వరసలో కూర్చుంటాను.