కోడ్ రాని ఆర్టిస్టు చేతికి సొంత టూల్

విజయవాడలో చీరలకు డిజైన్లు గీసే ఆర్టిస్టు ఒక చిన్న అచ్చు బొమ్మ గీశాక, అది చీరంతా పరుచుకుంటే ఎలా ఉంటుందో చూసుకోవాలి. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్‌లలో ప్యాటర్న్ టూల్స్ ఉన్నాయి. కానీ ఐదున్నర మీటర్ల పొడవు, అంచుకొక అచ్చు, ఒంటికొకటి, కొంగుకు మరొకటి అనే చీర లెక్క వాటికి తెలియదు. ఒక్క ఆర్టిస్టుకున్న ఇంత చిన్న అవసరం కోసం కంపెనీలు ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ చేయడం అరుదు.

ఇప్పుడు ఆ ఆర్టిస్టే క్లాడ్, ఛాట్‌జీపీటీ లాంటి ఏఐ అసిస్టెంట్‌కు తెలుగులో చెప్పి ఆ టూల్ రాయించుకోవచ్చు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక్క ఫైలు చాలు. ఈ పద్ధతికి 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతి ‘వైబ్ కోడింగ్’ అని పేరు పెట్టారు. కోడ్‌ని కళాకారులకు దగ్గర చేయాలని 2001లోనే కేసీ రియాస్, బెన్ ఫ్రై ‘ప్రాసెసింగ్’ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టారు. కాకపోతే అక్కడ ఎంతో కొంత కోడ్ నేర్చుకోక తప్పదు.

ఇక్కడ కష్టమంతా చెప్పడంలోనే ఉంది. ‘డిజైన్ అందంగా రిపీట్ అవ్వాలి’ అంటే అసిస్టెంట్ ఏదో ఒకటి చేసి చేతిలో పెడుతుంది. ‘అచ్చు వెడల్పు 4 అంగుళాలు, రెండో వరస 2 అంగుళాలు పక్కకు జరగాలి, కొంగు దగ్గర బొమ్మ సగంలో తెగకూడదు’ అంటే పని అవుతుంది. ఈ లెక్కలు ఆర్టిస్టు చేతికి ఎప్పటినుంచో తెలుసు, నోటితో చెప్పాల్సిన అవసరమే రాలేదు. అందుకే కొత్తగా ఇంజినీరింగ్ పూర్తిచేసిన కుర్రాడి కంటే, ఏళ్ల తరబడి అచ్చులు గీసిన మనిషే మంచి టూల్ రాబడతాడని నా నమ్మకం.

మన లిపి దగ్గరికొచ్చేసరికి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పెళ్లి వీడియో కోసం అక్షరాలు ఒక్కొక్కటిగా విచ్చుకునే టూల్ అడిగారనుకోండి. ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతైన యూనికోడ్‌లో నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లీషు అక్షరాలను విడగొట్టినట్టే దీన్నీ విడగొడితే శ ఒకచోట, ర ఒకచోట, చుక్కల సున్నాలకు అతుక్కుని పొల్లూ గుడిదీర్ఘమూ కనిపిస్తాయి. తప్పు కోడ్‌లో ఎక్కడుందో ఆర్టిస్టుకు తెలియకపోవచ్చు, ఉందని మాత్రం చూడగానే తెలుస్తుంది. స్క్రీన్‌షాట్ పెట్టి ‘ఒత్తూ గుడీ విడిపోయాయి, కలిపి ఉంచు’ అంటే చాలాసార్లు సరిచేస్తుంది. డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్ అయితే అది వేరే తలనొప్పి. దాని కోడింగ్ యూనికోడ్ కాదు, ముందు కన్వర్ట్ చేసి మళ్లీ ప్రూఫ్ చూడాలి. ఏ డీటీపీ సెంటర్‌లో అడిగినా ఆ బాధ గంటసేపు చెబుతారు.

నాకు టెన్షన్ ఇంకోచోట. టూల్ బాగా పనిచేస్తోందని అందులో కస్టమర్ల ఫోన్ నంబర్లు, పేమెంట్లు కూడా పెట్టేస్తారేమోనని. బొమ్మ వంకరగా వస్తే కంటికి కనిపిస్తుంది. నంబర్లు బయటికి పొక్కితే ఏ కంటికీ కనిపించదు. ఆ పని దాకా వస్తే ప్రోగ్రామర్‌కు డబ్బులిచ్చి చూపించుకోవాల్సిందే.

గుంటూరు, విజయవాడల్లో ఫోటోషాప్, కోరల్‌డ్రా నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఇంకో పాఠం కలుపుకోవచ్చు: తమ పనిని కొలతలతో సహా కాగితం మీద తెలుగులో రాయడం. ఈ అసిస్టెంట్లను డబ్బు కట్టకుండా వాడితే మెసేజీలకు పరిమితి ఉంటుంది. ముందే రాసుకుని కూర్చున్నవాళ్లకు ఆ కాస్తలోనే టూల్ చేతికొస్తుంది.