మా అమ్మ అడిగిన ప్రశ్న, మా బ్లూబెర్రీ బీరు

జూన్ చివరికొచ్చేసరికి న్యూజెర్సీలో ఏ తెలుగువాళ్ళింట్లో ఫ్రిజ్ తీసినా బ్లూబెర్రీలు కనిపిస్తాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని హామన్‌టన్ వైపు తోటలకు వెళ్ళి బకెట్లకు బకెట్లు కోసుకొస్తాం. రెండు రోజులు పెరుగులో వేసుకుంటాం, ఒకరోజు స్మూతీ చేస్తాం, మిగిలినవి ముడతలు పడిపోతాయి. మా ఇంట్లో మాత్రం ఏడేళ్ళుగా వాటితో బీరు చేస్తున్నాం, నేనూ మా ఆయనా. ఈ మాట మన సంఘం పత్రికలో రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

మన ఉగాదికో దీపావళి వేడుకకో వచ్చినవాళ్ళందరూ చూసే ఉంటారు. లోపల పిల్లల కూచిపూడి నడుస్తుంటుంది. బయట పార్కింగ్ లాట్‌లో ఒక కారు ట్రంక్ తెరిచి ఉంటుంది, చుట్టూ పదిమంది మగవాళ్ళు, చేతుల్లో కాఫీ కప్పులు. ఆ కప్పుల్లో ఏముందో లోపల కూర్చున్న భార్యలకు తెలుసు, పిల్లలకు తెలుసు, మైకు పట్టుకున్న కార్యదర్శికీ తెలుసు. ఎవరం నోరెత్తం. ఎవరెంత తాగారో లెక్క ఉండదు, ఇంటికి వెళ్ళేటప్పుడు స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో చూసేవాళ్ళుండరు. నాకు భయం వేసేది అక్కడే. మందు గురించి మనం మాట్లాడుకోవాల్సింది ఏమైనా ఉంటే ముందు ఈ దాపరికం గురించే మాట్లాడుకోవాలి.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న కబురు మా ఊరికి వచ్చినప్పుడు నేను ఆరో క్లాసు. మా ఊళ్ళో కూడా అప్పుడు రాత్రి బడి నడిచేది. మా అమ్మ పొలం పని ముగించుకుని వచ్చి అక్కడే అక్షరాలు దిద్దుకుంది. ఆ బడి నుంచే పలక పక్కన పెట్టి చీపురు పట్టుకుని సారా కొట్టు మీదికి వెళ్ళినవాళ్ళలో తనూ ఉంది. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాను నిషేధించారు, 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఇదంతా జరిగేసరికి మా చిన్నాన్న లేడు. సారాకే పోయాడు.

ఇక్కడికి వచ్చాక జరిగిన సంగతి ఒకటి చెప్తాను. మేం బీరు చేయడం మొదలుపెట్టిన రెండో ఏడాది కార్తీకమాసంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. అరవై మంది వస్తున్నారు. బేస్‌మెంట్‌లో పెద్ద గాజు జాడీలో బీరు ఇంకా పులుస్తోంది, పండ్లు వేసి నాలుగు రోజులే అయింది. వచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని కంగారుగా వడకట్టి, సీసాల్లో నింపి, మూతలు బిగించి, కోట్లు తగిలించుకునే అల్మరాలో పెట్టి పైన దుప్పటి కప్పాం. వ్రతం బాగా జరిగింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పెద్ద చప్పుడు. లేచి వెళ్ళేలోపు ఇంకో చప్పుడు. చూస్తే అల్మరా తలుపుకు లోపలివైపు గోరంత గాజుముక్క దిగబడి ఉంది. ఆ పక్కనే మా పాప కోటు వేలాడుతోంది, ఆ కోటు చెయ్యి మీద బీరు ఎర్రటి మరక.

పండులోని చక్కెర అయిపోకముందే మూత బిగిస్తే బీరును పులియబెట్టే ఈస్ట్ లోపల ఆ చక్కెర తిని గ్యాస్ వదులుతూనే ఉంటుంది. గ్యాస్ పోయే దారి లేక సీసా పగులుతుంది. చక్కెర ఎంత మిగిలిందో చూపే హైడ్రోమీటర్‌తో రెండు మూడు రోజుల తేడాలో రెండుసార్లు కొలిచి, రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే సీసాల్లో పోయాలి. ఇది మాకు తెలుసు. తెలిసీ ఆగలేదు. దాచాలన్న తొందర.

మరుసటి వేసవిలో అమ్మ వచ్చింది. బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి చూపించాను. గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్ మూతలో బుడగలు ఒక్కొక్కటే టుక్కు టుక్కుమంటున్నాయి. చాలాసేపు నిలబడి చూసి, "సారా కాస్తా ఉండావా?" అంది. కాదమ్మా, ఇది పులియబెట్టేది అన్నాను. పేలిన సీసాల సంగతి కూడా చెప్పాను. అంతా విని, "తప్పు పని కాదంటా ఉండావు గదా, మరి దుప్పటి ఎందుకు కప్పినావు?" అని అడిగింది. ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆవిడకు జవాబు.

కల్లు గీస్తాం, సారా కాస్తాం, పిండి పులియబెడతాం. బీరుకు మన భాషలో సొంత క్రియ లేదు, అందుకే ఇంట్లో బీరు అనగానే మనవాళ్ళకు సారా బట్టీ గుర్తొస్తుంది. బట్టీలో పులిసినదాన్ని మరిగించి, ఆ ఆవిరిని పట్టి చల్లార్చి సారా దించుతారు. అమెరికాలో అది ఇంట్లో చేస్తే ఫెడరల్ నేరం. బీరుకు ఆవిరితో పని లేదు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం, రాగి మాల్ట్ తాగి పెరిగిన మనకు కొత్త కాదు. ఆ మాల్ట్ నీళ్ళను, చేదునిచ్చే హాప్స్ పూలు వేసి గంటసేపు కాచి, చల్లార్చి, ఈస్ట్ కలిపి వదిలేస్తాం. ఇక్కడ కూడా 1933లో మద్యనిషేధం పోయినప్పుడు ఇంట్లో వైన్ చేసుకోనిచ్చారు గానీ బీరు చేసుకోనివ్వలేదు. 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో దానికీ అనుమతి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో ఉంటే 200. అమ్మకూడదు. రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉంటాయి, మీ రాష్ట్రం సంగతి కనుక్కోండి. సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు అక్కడ చేసి చూపించే సరదా మాత్రం వద్దు, లైసెన్సు లేకుండా చేస్తే అక్కడ నేరం.

ఇక పండు సంగతి. బీరు సామాన్లు అమ్మే చోట బ్లూబెర్రీ ఫ్లేవర్ చిన్న సీసాల్లో దొరుకుతుంది. నాలుగు చుక్కలు వేస్తే గుప్పున వాసన వస్తుంది, చూయింగ్ గమ్ వాసన. నాకది సహించదు. ఈ పండును అడవి పొదల నుంచి తోటపంటగా మార్చింది మన న్యూజెర్సీలోనే. వైట్స్‌బాగ్ అనే ఊళ్ళో రైతు ఎలిజబెత్ వైట్, శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి పెద్ద కాయలు కాసే పొదల్ని వెతికించి, వాటి నుంచి మొక్కలు పెంచి, 1916లో మొదటి పంట అమ్మారు. ఆ నేల పక్కనే కాపురం ఉంటూ పండు పేరుతో సీసాలోని సెంటు పోసుకోవడం నాకు మనసొప్పదు.

కానీ బ్లూబెర్రీ రుచి మెతక. పులిస్తే దాని తీపంతా ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది కాస్త పులుపు, కాస్త వగరు, నేరేడుపండు తిన్నాక నాలుక మీద నిలిచే రుచి లాంటిది. గుప్పెడు పండ్లు వేస్తే అసలు తెలియదు. మేం 5 గ్యాలన్ల గోధుమ బీరుకు 8 పౌండ్లు వేస్తాం. ముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తాం, అలా చేస్తే లోపలి నీరు మంచుగా మారి కణాలు చిట్లి, కరిగాక రసం తేలిగ్గా దిగుతుంది. తర్వాత 160 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పావుగంట వేడిచేస్తాం. మరగనివ్వం. మరిగితే జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ బయటికొచ్చి బీరు మసకబారుతుంది. మొదటి పులియడం నెమ్మదించాక పండ్లు వేస్తే మళ్ళీ బుసబుసా పొంగుతుంది, జాడీలో పైన ఖాళీ వదలాలి.

ఒక పండు కోసి చూడండి, లోపల లేతాకుపచ్చగా ఉంటుంది. రంగంతా తొక్కలోనే. వారం తిరిగేసరికి ఆ తొక్కలు పాలిపోయి పైన తేలుతుంటాయి, కింద బీరు గులాబీ ఎరుపుకు తిరిగి ఉంటుంది. నీలం పండు ఎరుపెందుకయిందని మా పాప అడిగింది. శంఖుపూల టీలో నిమ్మకాయ పిండి చూపించాను. పులుపు తగిలితే రంగు మారే గుణం రెండింటిదీ ఒకటే.

మన వేసవి వనభోజనాలలో ఆవకాయ పోటీ పెడతాం. దాని పక్కన ఇంట్లో చేసిన బీరుకు ఇంకో బల్ల వేద్దామని కమిటీని అడుగుతున్నాను. పార్కులో మద్యానికి అనుమతి ఉంటేనే, 21 నిండినవాళ్ళకే, చిన్న గ్లాసుతోనే. పోసే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి తాగకూడదు. ఇంట్లో చేసిన బీరును ఇలాంటి పోటీలకూ రుచి చూడటానికీ తీసుకెళ్ళడానికి ఫెడరల్ నియమాలు ఒప్పుకుంటాయి. ట్రంకులు మూసెయ్యాలి.

ఇది చదివి కోపం వచ్చేవాళ్ళుంటారు. తాగుడు వల్ల ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ కోపం నాకు తెలుసు, అది మా ఇంటి కోపమే. తాగని వాళ్ళను తాగమనడం లేదు, మా అమ్మ ఇప్పటికీ ఒక్క చుక్క ముట్టలేదు. పిల్లలు చూస్తారంటారా? వాళ్ళు పార్కింగ్ లాట్‌ను ఎప్పటి నుంచో చూస్తున్నారు.

పోయిన ఏడాది అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు సీసాలకు అంటించే కాగితాలు తనే రాస్తానంది. చేసిన తేదీ, పండు 8 పౌండ్లు, ఆల్కహాల్ 5 శాతం అని నేను చెబుతుంటే రాత్రి బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో యాభై కాగితాలు రాసింది. అంటించేటప్పుడు చూశాను. ప్రతిదాని అడుగునా నేను చెప్పని ముక్క ఒకటి ఉంది: "బండి తోలేవాళ్ళు తాగొద్దు."