గుజ్జెక్కడ?

(విశాఖ, కంచరపాలెం. సింహాచలం గిరి ప్రదక్షిణ అయి వారం కాలేదు. కనకం కాలు దిండు మీద. అప్పారావు ఎక్స్-రే ఫిల్మును కిటికీకి ఆనించి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు.)

కనకం: గుజ్జు అరిగిందని డాక్టరుగారు చెప్పారు కదా, ఇంకా ఏం చూస్తారు?

అప్పారావు: ఆ గుజ్జే వెతుకుతున్నా. ఎక్కడుందే ఇందులో?

కనకం: తలకిందులుగా పట్టుకుంటే ఏం కనిపిస్తుంది!

అప్పారావు: (తిప్పి) ఇప్పుడూ లేదు. పైన ఎముక, కింద ఎముక, మధ్యలో నల్లటి సందు.

కనకం: డబ్బులు తీసుకుని సందు ఫొటో ఇచ్చారా?

అప్పారావు: వాళ్ళ తప్పు కాదు. ఎముకలో కాల్షియం ఎక్స్-రేని ఆపుతుంది. గుజ్జు చాలావరకు నీళ్ళే, కిరణాలు దూసుకుపోతాయి. సందు ఎంత సన్నబడిందో చూసి అరుగుదల లెక్క కడతారు. 1895లో ఎక్స్-రే కనిపెట్టిన రాంట్‌జెన్ వాళ్ళావిడ చెయ్యి తీసినా ఎముకలూ ఉంగరమే తేలాయి.

కనకం: ఆయన ఉంగరమైనా చేయించాడు.

అప్పారావు: (వినిపించుకోకుండా) గుజ్జు కిరణాన్ని ఆపదు గానీ, కాస్త పక్కకు వంచుతుంది. డిగ్రీలో వెయ్యో వంతు కూడా ఉండదు ఆ వంపు. దాన్ని పట్టడానికి మోకాలికీ ఫిల్ముకీ మధ్య సిలికాన్ స్ఫటికం పెడతారు. తనకు కుదిరిన కోణంలో వచ్చిన కిరణాన్నే అది ముందుకు పంపుతుంది. ఏమాత్రం వంగినా వెలుగు మారిపోతుంది. ఆ తేడాతోనే గుజ్జు అంచు బొమ్మలో తేలుతుంది.

కనకం: అచ్చం మీ అక్క!

అప్పారావు: మధ్యలో మా అక్కేం చేసింది?

కనకం: మాటలో పిసరంత వంకరుంటే పట్టెయ్యదూ? హనుమంతవాక దగ్గర "మీరు నడవండి వదినా, నేనొస్తా" అన్నానంతే. మాధవధార దాకా మూతి ముడుచుకునే నడిచింది.

అప్పారావు: స్ఫటికం అలగదు. మిగతాదంతా సరిపోయింది.

కనకం: అయితే నాకూ ఆ ఫొటో తీయించండి.

అప్పారావు: దానికి కిరణాలన్నీ బారులు తీరినట్టు సమాంతరంగా రావాలి. అలాంటివి సింక్రోట్రాన్‌లో వస్తాయి, అంటే ఎలక్ట్రాన్లను గుండ్రంగా తిప్పి ఎక్స్-రేలు పుట్టించే పెద్ద యంత్రం. 1990లలో అమెరికాలో, బ్రూక్‌హేవెన్ సింక్రోట్రాన్ దగ్గర ఈ పద్ధతి తయారుచేశారు. సింక్రోట్రాన్ మనకీ ఉంది, ఇండోర్‌లో. ఇండస్-2. చుట్టుకొలత 172 మీటర్లు. ఎలక్ట్రాన్లు అందులో గిరగిరా తిరుగుతూనే ఉంటాయి.

కనకం: నేను 32 కిలోమీటర్లు తిరిగితే మోకాలు పోయింది. వాటికేం కాదా?

అప్పారావు: వాటికి మోకాళ్ళు లేవు.

కనకం: సరే, ఇండోర్‌కి టికెట్లు తియ్యండి.

అప్పారావు: అది ఆస్పత్రి కాదే. ఇలా గుజ్జు బొమ్మలు తీసింది ఎక్కువగా చనిపోయినవాళ్ళ కీళ్ళకి.

కనకం: (దిండు తోసేసి) అందుకేనా ఇంత హుషారుగా చెబుతున్నారు!

అప్పారావు: రామ రామ! నీ గుజ్జు చూడాలంటే ఎమ్మారై చాలు, ఊళ్ళోనే తీస్తారు.

కనకం: ఆ ముక్క ముందే చెబితే నోరు అరిగిపోతుందా?

(ఫోన్ మోగింది.)

అప్పారావు: అక్క!

కనకం: పడుకున్నానని చెప్పండి.

అప్పారావు: నా గొంతు విని పట్టేస్తుందే బాబూ!

కనకం: వంకర పోకుండా తిన్నగా చెప్పండి మరి.