సుంకం కట్టని ఫిడేలు

మద్రాసు రేవులో సుంకం ఎగ్గొట్టి లోపలికొచ్చిన సరుకుల్లోకెల్లా పెద్దది ఫిడేలేనని నా నిశ్చితాభిప్రాయం. అప్పట్లో ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరంగా లంగరేస్తే, మసూలా పడవలు అలల్లో పడిలేస్తూ సరుకు మోసుకొచ్చేవి. ఈస్టిండియా కుంపిణీ గుమాస్తాలు బేళ్లు విప్పారు, పీపాలు తట్టి చూశారు. సారా రుచి కూడా చూసే ఉంటారు. దొరల చంకలోని ఆ చెక్కపెట్టెను మాత్రం ఒక్కడూ ఆపలేదు. మన శుద్ధ కర్ణాటక సంగీత సంప్రదాయానికి గండి పడింది అక్కడే.

ఇందులో ఇంటి దొంగల పాత్రా ఉంది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు కుంపిణీకి దుబాసీ, అంటే దొరలకు మాటలు తర్జుమా చేసిపెట్టే మధ్యవర్తి. సంగీత విద్వాంసుడు రామస్వామి దీక్షితార్ కుటుంబాన్ని ఆదరించింది ఆ ఇల్లే. దీక్షితార్ కుర్రాళ్లను సెయింట్ జార్జి కోటకు బ్యాండు వినడానికి తీసుకెళ్లిందీ ఆ ఇంటివాళ్లేనంటారు. ఎదిగే పిల్లల్ని అలాంటి చోట్లకు తిప్పొచ్చా? వాళ్లలో చిన్నవాడు బాలుస్వామి ఒక తెల్లాయన దగ్గర ఏకంగా ఫిడేలే నేర్చేసుకున్నాడు. అన్నగారు, సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి ఇంకా ఘనులు. బ్యాండు ట్యూన్లకు సంస్కృత సాహిత్యం కట్టేశారు. అవే నోట్టుస్వరాలు. 'సంతతం పాహిమాం' వరుస సాక్షాత్తూ ఇంగ్లండు రాజుగారి క్షేమం కోరే గీతానిది! రాజును కాపాడమని దేవుడికి పెట్టుకున్న అర్జీని, నన్ను కాపాడమ్మా అంటూ శ్యామలాదేవికి మళ్లించారు. స్టాంపు ఖర్చు కుంపిణీది.

ఇక ఫిడేలు. మెడకింద పెట్టి వాయించేదాన్ని తీసుకొచ్చి నేలమీద కూర్చోబెట్టాం. దాని తల కుడిపాదానికి ఆన్చి, తీగలు స-ప-స-ప అని సర్దాం. మెట్లు లేవు కాబట్టి వేలు ఎటు జారితే గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) అటు పలికింది. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు కమాను అందుకునేనాటికి, దాన్ని ఏ ఊరని అడిగే ధైర్యం ఎవరికుంది?

పాపం, హార్మోనియానికి ఆ యోగం లేదు. మెట్లు కదలవు, గమకం రాదని 1940లో ఆలిండియా రేడియో గెంటేసింది. 1971లో గాని తలుపు ఓరగా తెరవలేదు. ఇక్కడేమో మన పద్యనాటకాల్లో శ్రీకృష్ణుడు రాగం అందుకోవాలంటే అదే దిక్కు. రేడియో వారికి చెవులున్నాయి, శ్రీకృష్ణుడికి లేవు కాబోలు.

కనుక ప్రతి సభ గుమ్మంలో కస్టమ్స్ కౌంటర్ పెట్టాలని మా శుద్ధసంగీత పరిరక్షణ సంఘం తీర్మానిస్తోంది. ఫిడేలు, క్లారినెట్, మాండలిన్, శాక్సొఫోన్ బయటే ఆగాలి. మైకుకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. నా అధ్యక్షోపన్యాసం చివరి వరస దాకా వినపడాలి కదా.