మీ గేమ్‌లో ఓడిపోవడం ఎలా?

వీడియో గేమ్ తయారుచేస్తున్నానని ఎవరైనా మెసేజ్ పెడితే ఈమధ్య నేనడిగేది ఒక్కటే: "అందులో ఆడేవాడు ఎలా ఓడిపోతాడు?" చాలామంది దగ్గర జవాబుండదు. ఇన్వెంటరీ (ఆటగాడి సామాన్ల సంచి) ఉంటుంది, పగలూ రాత్రీ మారుతుంటాయి, నీళ్లమీద వెన్నెల మెరవడానికి షేడర్ (వెలుగునీడల కోడ్) కూడా రాసేసి ఉంటారు. ఓటమి సంగతి మాత్రం ఇంకా ఆలోచించలేదట. ప్లాన్ లేకుండానే కోడ్‌లోకి దూకేశారన్నమాట.

నవ్వే అర్హత నాకు లేదులెండి. నా మొదటి ప్లాట్‌ఫార్మర్‌కి, అంటే గెంతుతూ అడ్డంకులు దాటే గేమ్‌కి, ఇంజిన్ (గేమ్‌లు కట్టే సాఫ్ట్‌వేర్) తెరిచిన పది నిమిషాలకే కోడ్ మొదలెట్టేశా. బొమ్మ గెంతుతుంటే ఆ సంబరమే వేరు. 11 లెవెల్స్ కట్టాక గెంతు కాస్త నీరసంగా అనిపించి, జంప్ వేగాన్ని 12 నుంచి 14 చేశా. గ్రావిటీ 30. పెంచింది రెండే కదా అనుకున్నా. కానీ వేగం వర్గాన్ని బట్టి ఎత్తు పెరుగుతుంది, అది బళ్లో చదువుకున్న లెక్కే. 2.4 గళ్లు ఎగిరేవాడు దాదాపు 3.3 గళ్లు ఎగిరాడు. తాళంచెవి దొరికేదాకా దాటకూడదని పెట్టిన 3 గళ్ల గోడలన్నీ వాడికి గడపలైపోయాయి. 11 లెవెల్సూ మళ్లీ మొదటికి! 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ లెవెల్స్‌ని దాని డిజైనర్లు మియమోటో, తెజుకా గ్రాఫ్ కాగితం మీద గీసి ప్రోగ్రామర్లకిచ్చారని చదివినప్పుడు, పాతకాలం చాదస్తం అనుకున్నాను. ఆ గళ్ల విలువ ఆ రాత్రి తెలిసింది.

ఇక సేవ్ సిస్టమ్, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకునే ఏర్పాటు. చివర్లో పెట్టుకుందాంలే అనుకున్నారా, అయిపోయారే! ఏ తలుపు తెరిచాడో, ఏ శత్రువు చచ్చాడో నా కోడ్‌లో ఎక్కడి స్క్రిప్టులో అక్కడే పడి ఉంది. ఒక్క తలుపుకీ గుర్తుపట్టడానికి స్థిరమైన ఐడీ లేదు. గేమ్ మూసి తెరిస్తే చచ్చిన బాస్ (లెవెల్‌లోని పెద్ద శత్రువు) లేచి నిలబడేవాడు, వాడి దగ్గర గుంజుకున్న కత్తి మాత్రం నా చేతిలోనే ఉండేది. మల్టీప్లేయర్ కూడా చివర్లోనే కలుపుతామనే వాళ్లకైతే ఓ దండం.

"ప్లాన్ వేస్తే క్రియేటివిటీ చచ్చిపోతుంది" అంటారు కొందరు. వంద పేజీల డాక్యుమెంట్ రాయమని నేనూ అనను, దాన్ని రాసినవాడే మళ్లీ చదవడు. గెంతు హాయిగా ఉందో లేదో కాగితం చెప్పదు కూడా. దానికి బూడిదరంగు డబ్బాలతో ఒక్క గది కట్టి, విసుగొచ్చేదాకా ఆడి, అంకెలు తేల్చుకుని, ఆ కోడ్ పారేయాలి. మనం పారేయం. దానిమీదే మేడ కడతాం.

డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే గేమ్‌ని 1997లో ప్రకటిస్తే 2011లో బయటికొచ్చింది. మధ్యలో ఇంజినే మార్చారు. వాళ్లకి కోడ్ రాయడం రాకనా?

ఇప్పుడు నా కొత్త గేమ్ ప్లాన్ ఒకటిన్నర పేజీ. అరపేజీలో గేమ్ ఏమిటో ఉంది. మిగతా పేజీ అంతా "ఇందులో ఉండనివి". మొట్టమొదటిది చేపలు పట్టడం. నిన్న అర్ధరాత్రి ఆ లైను కొట్టేద్దామా అని పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా.