ఆరంభశూరుల పీచు దీక్ష

ఏ పనైనా అంచెలంచెలుగా చేయడం పిరికివాళ్ల లక్షణం. ధీరుడు ఆదివారం రాత్రి నిర్ణయం తీసుకుంటాడు, సోమవారం పొద్దున్నే అమలు చేస్తాడు, బుధవారం సాయంత్రానికల్లా విరమిస్తాడు. పీచు పదార్థం విషయంలో ఈ ఆనవాయితీ ఎంత నిష్ఠగా సాగుతోందో చూస్తే ముచ్చటేస్తుంది. ఏళ్ల తరబడి రోజుకి పన్నెండో పదిహేనో గ్రాముల పీచుతో నెట్టుకొచ్చిన పొట్టని ఒక్కరోజులో నలభై దాటించాలంటే మాటలా? దానికి గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి మూల్యం చెల్లించేది మాత్రం గుండె కాదు, పెద్దపేగు.

దీక్షాపరుడి మొదటిరోజు లెక్క చూడండి. పొద్దున్నే అరకప్పు గోధుమ తవుడు, అందులో పీచు సుమారు 12 గ్రాములు. తొక్కతో సహా ఒక యాపిల్, 4. మధ్యాహ్నం కప్పు ఉడికించిన శనగలు, 12. సాయంత్రం ‘ఫైబర్’ అని పెద్దక్షరాలతో రాసిన బార్ ఒకటి, 9. పడుకోబోయే ముందు రెండు చెంచాల ఇసబ్‌గోల్, గుక్కెడు నీళ్లతో, 7. వెరసి 44 గ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాములు, అదీ ఆహారంలో సహజంగా ఉన్న పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. బ్రిటన్ నిపుణుల సంఘం 2015లో 30 అంది. వీళ్లంతా లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే మనవాడు మొదటిరోజే అందరినీ దాటేశాడు. నీళ్లు ఎన్ని తాగాడని మాత్రం అడక్కండి. దీక్ష పీచుది, నీళ్లది కాదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పీచుని విడగొట్టే ఎంజైములు మనిషికి లేవు. అందుకే చిన్నపేగు దాన్ని చూసి, ‘ఇది నా పరిధిలోకి రాదు’ అని ఫైలు మీద రాసి కింది అంతస్తుకి పంపించేస్తుంది. అక్కడ, అంటే పెద్దపేగులో, కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి ఇదే భోజనం. పీచుని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకి ప్రధానమైన ఇంధనం ఈ బ్యుటిరేటే. పీచు తినడంలో ఉన్న లాభంలో పెద్ద వాటా ఇక్కడిదే. అయితే పులిసిన చోట గ్యాస్ పుట్టకుండా ఉండదు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్.

పదిహేను గ్రాములకి అలవాటుపడ్డ సూక్ష్మజీవుల మీదికి 44 గ్రాములు ఒక్కసారిగా వచ్చిపడితే, దొరికిన కొత్త తిండిని ముందు తినగలిగినవి తింటాయి, గ్యాస్ వదుల్తాయి. ఆ హైడ్రోజన్‌ని వాడేసుకునే రకాలు పెరిగి, లెక్క కుదురుకోవడానికి వారాలు పడుతుంది. వాటిలో మీథేన్ చేసే జాతి ఒకటుంది. నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ని ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి ఒక పాలు మీథేన్ చేస్తుంది. అయిదు పాళ్ల గాలి ఒక పాలుకి తగ్గుతుందన్నమాట. ఎంత పొదుపరో! కాకపోతే ఈ మీథేన్ పేగు కదలికని నెమ్మదింపజేస్తుంది. గ్యాస్ తగ్గిందని సంతోషించేలోపు మలబద్ధకం పలకరిస్తుంది. ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు.

ఎంత గ్యాస్ వస్తుందన్నది ఊహలకి వదిలేసే విషయం కాదు. శాస్త్రం దీన్ని కొలిచింది. 1991లో ‘గట్’ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో పదిమంది ఆరోగ్యవంతులు తమ మామూలు తిండితోపాటు 200 గ్రాముల ఉడికిన బీన్స్ తిన్నారు, ఒక గొట్టం అమర్చుకుని, 24 గంటల గాలినీ పట్టిచ్చారు. ఒక్కొక్కరికి 476 నుంచి 1491 మిల్లీలీటర్ల దాకా వచ్చింది, మధ్యస్థ విలువ 705. పీచు లేని ద్రవాహారం మీద రెండు రోజులుంచితే అది 214కి పడిపోయింది. ఆడవాళ్లూ మగవాళ్లూ సరిసమానం అని కూడా తేలింది. ఈ ఒక్క ఫలితంతో ఎన్నో సంసారాల్లో వాదన ముగిసిపోవాల్సింది.

వాసన సంగతి వేరు. హైడ్రోజన్‌కి, కార్బన్ డయాక్సైడ్‌కి, మీథేన్‌కి వాసనే లేదు. అసలు దోషి గంధకం కలిసిన వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ నిజం తేల్చడానికి 1998లో అమెరికన్ పరిశోధకులు ఇద్దరు న్యాయనిర్ణేతల్ని కూర్చోబెట్టి నమూనాలు వాసన చూపించి మార్కులు వేయించారు. విజ్ఞానం కోసం ప్రాణాలర్పించిన వాళ్లకి విగ్రహాలు పెడతాం, ఈ ఇద్దరినీ తలుచుకునే నాథుడు లేడు. అందుచేత దీక్షాపరుడి గదిలోకి అడుగుపెట్టినవాళ్లు తీర్పు చెప్పేముందు రెండూ వేరుచేసి చూడాలి. మోత పీచుది. వాసన చాలావరకు మాంసకృత్తుల్లోని గంధకానిది, కొంత క్యాబేజీ లాంటి కూరలది.

శనగలు, బీన్స్ జాతికి ఇంకో ప్రత్యేకత ఉంది. వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వీటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు, కాబట్టి అవీ చెక్కుచెదరకుండా కిందికి దిగుతాయి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే ఇవి కొంత తగ్గుతాయి. డబ్బాలో వచ్చే గింజలైతే ఆ జిగురు నీళ్లు వంపేసి కడగాలి. నానబెట్టిన నీళ్లలోనే సారమంతా ఉందని వాటితోనే వండుకునేవాళ్ల పట్టుదల మెచ్చుకోదగ్గదే. సారం ఉన్నమాట నిజమే, అందులో ఈ చక్కెరల సారం కూడా ఉంది.

పీచంతా ఒకటే అనుకోవడం దీక్ష రెండో సూత్రం. నిజానికి ఒక్కోదానిది ఒక్కో దారి. గోధుమ తవుడు పెద్దగా పులియదు. దాని గరుకు రేకులు పేగు గోడని రాసుకుంటూ పోతే గోడ నీటినీ జిగురునీ వదుల్తుంది, మలం మెత్తబడి త్వరగా కదుల్తుంది. ఇది గరుకుదనం మహిమే తప్ప తవుడు మహిమ కాదేమోనని 1988లో బ్రిటన్‌లో ఇద్దరికి అనుమానం వచ్చింది. తవుడు సైజులో ప్లాస్టిక్ ముక్కలు వాలంటీర్లకి తినిపించారు. ప్లాస్టిక్ కూడా విరేచనకారిగా పనిచేసింది. ఇది చదివి ఎవరూ బకెట్ వైపు చూడొద్దని మనవి. ఇందులో గ్రహించాల్సింది ఒకటే: తవుడుని పిండిలా మెత్తగా మరపట్టిస్తే ఆ గరుకూ పోతుంది, గుణమూ పోతుంది. కొందరికి మలం ఇంకా గట్టిపడుతుంది కూడా.

ఇసబ్‌గోల్ వేరే రకం. నీళ్లు పీల్చి జెల్‌గా మారుతుంది, సూక్ష్మజీవులకి పెద్దగా లొంగదు, చివరిదాకా ఆ నీటిని పట్టుకునే ఉంటుంది. అందుకే గ్యాస్ తక్కువ. గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, నీళ్ల విరేచనాన్ని కాస్త కట్టుబరుస్తుంది. సున్నితమైన పేగులున్నవాళ్లకి, అంటే ఐబీఎస్ ఉన్నవాళ్లకి, తవుడు బాధ పెంచితే ఇది ఊరటనివ్వడానికి కారణం అదే. ఇక సాయంత్రం బార్‌లో ఉన్నది ఎక్కువగా ఇన్యులిన్, చికోరీ వేరు నుంచి తీసింది. తియ్యగా ఉంటుంది, కరుగుతుంది, నాలుకకి తగలదు. సూక్ష్మజీవులు దాన్ని వేగంగా, పూర్తిగా తినేస్తాయి. మలానికి పెద్దగా మిగిలేదేమీ ఉండదు, గ్యాస్ మాత్రం మిగులుతుంది. రోజుకి పది గ్రాములు దాటితే చాలామందికి పొట్ట ఉబ్బుతుంది. మొత్తం మెనూలో నిజంగా అల్లరి చేసిన సరుకు ఇది. కానీ మర్నాడు నింద పడేది శనగల మీద.

నీళ్ల మాటకొద్దాం. ఒక గ్రాము తవుడు పీచు మలం బరువుని సుమారు అయిదు గ్రాములు పెంచుతుంది. ఆ బరువులో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ఎక్కడినుంచో రావాలి కదా. రాకపోతే పరిమాణం పెరిగిన ముద్ద ఎండిపోయి దారికి అడ్డంగా కూర్చుంటుంది. మలబద్ధకం పోవాలని తిన్నది మలబద్ధకాన్ని తెస్తుంది. ఇసబ్‌గోల్ విషయంలో గుక్కెడు నీళ్లు ఇంకా ప్రమాదం. గొంతులోనే, అన్నవాహికలోనే ఉబ్బి ఊపిరి సలపనివ్వకపోవచ్చు. ఒక మోతాదుకి కనీసం 240 మిల్లీలీటర్లు, పెద్ద గ్లాసు నిండా. కలిపిన వెంటనే తాగాలి, అయిదు నిమిషాలాగితే స్పూను నిలబడుతుంది. పడుకోబోయే ముందు వద్దు. మింగడం కష్టమైనవాళ్లకి అసలే వద్దు. ఇతర మందులకి రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఆ జెల్ మందుల్ని కూడా తనతో లాక్కుపోతుంది. డబ్బా మీద ఇవన్నీ రాసే ఉంటాయి, ధీరులు చదవరు గనక ఇక్కడ రాస్తున్నాం.

దీక్షాపరులు తమ కులదైవంగా డెనిస్ బర్కిట్‌ని కొలుచుకోవచ్చు. 1911లో పుట్టి 1993లో పోయిన ఐరిష్ సర్జన్, పీచు మీదికి లోకం దృష్టి మళ్లించినవాడు. ఉగాండాలో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఎక్స్‌రేలో కనపడే చిన్న గుళికల్ని మనుషులతో మింగించి, అవి ఎన్ని గంటలకి బయటికొస్తాయో, రోజుకి మలం ఎంత బరువుంటుందో లెక్కకట్టాడు. 1972లో సహచరులతో కలిసి ప్రచురించిన అంకెల్లో బ్రిటిష్ నౌకాదళం వాళ్లకి, వాళ్ల భార్యలకి పట్టింది 83 గంటలు, రోజు బరువు వంద గ్రాముల చిల్లర. ఉగాండా పల్లెల్లో 36 గంటలు, 470 గ్రాములు. సామ్రాజ్యం సముద్రాల్ని జయించింది గానీ పెద్దపేగు దగ్గర ఆగిపోయింది. అయితే ఆ పల్లెవాళ్లు పీచు తినడం సోమవారం మొదలుపెట్టలేదు, పాలు మాన్పించిన దగ్గర్నుంచీ తింటున్నారు.

పిరికివాళ్ల పద్ధతి కూడా చెప్పకపోతే పక్షపాతం అంటారు. మూడు రోజులు తిన్నది తిన్నట్టు రాసుకుని ఇప్పుడెంత పీచు తింటున్నామో చూసుకోవడం, తర్వాత వారానికి అయిదేసి గ్రాములు పెంచడం. పదిహేను నుంచి ముప్పైకి మూడు వారాలు. మొదటి వారం పొద్దున పూట 40 గ్రాముల ఓట్స్ చేరిస్తే 4 గ్రాములు వస్తుంది. పొద్దున్నే ఎందుకంటే, కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం సహజం, నిద్రలేచాక ఆ స్పందన బలంగా ఉంటుంది. రెండో వారం తొక్కతో ఒక పండు. మూడో వారం శనగలు, బీన్స్ లాంటి గింజలు, మొదట్లో రెండు మూడు చెంచాలతో సరి, కప్పులతో కాదు. పొట్ట బిగిసిందా, మానేయక్కర్లేదు. ఒక మెట్టు దిగి మరో వారం అక్కడే ఉంటే సరిపోతుంది. ఫలితం చూసుకోవడానికి బ్రిస్టల్ పట్టిక ఉంది, 1997లో మలాన్ని ఏడు రకాలుగా విభజించింది. ఒకటోది విడివిడి గట్టి ఉండలు, ఏడోది ఉత్త నీళ్లు, మూడు నాలుగు దగ్గర ఆగితే చాలు. రోజూ వెళ్లి తీరాలన్న నియమమేమీ లేదు. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా అంతా మామూలే.

ఎంత పెంచినా లాభం లేని మలబద్ధకం ఒకటుంది. పేగు కదలికే మందగించినప్పుడు, లేదా ముక్కేటప్పుడు వదులు కావాల్సిన కండరం బిగుసుకున్నప్పుడు, వెనక నుంచి ఇంకా సరుకు తోయడం వల్ల ఉబ్బరం తప్ప ఒరిగేదేం లేదు. పేగు ఇరుకైనవాళ్లు, ఈమధ్యే పేగు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడక్కుండా పీచు జోలికి పోకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడివయసు దాటాక కొత్తగా మారిన అలవాటు, వీటికి తవుడు మందు కాదు. ఇక్కడ మాత్రం వ్యంగ్యం లేదు.

దీక్ష విరమించినవాడు ‘నా ఒంటికి పీచు పడదు’ అని ప్రకటించి హై ఫైబర్ బిస్కెట్‌తో రాజీకి వస్తాడు. అది మాత్రం పడుతుంది. పడకేం? యూరప్ నిబంధనల ప్రకారం 100 గ్రాములకి 6 గ్రాముల పీచుంటే ఆ మాట అట్ట మీద వేసుకోవచ్చు. బిస్కెట్ బరువు పది గ్రాములైతే అందులో పీచు 0.6. ముప్పై గ్రాముల లక్ష్యం చేరాలంటే రోజుకి యాభై బిస్కెట్లు, అంటే అరకిలో. ఇందులోనూ అంచెలంచెలుగా వెళ్లదల్చుకుంటే మొదటి వారం ఎనిమిదితో మొదలుపెట్టొచ్చు.